కార్జం ఏ దిక్కు?

నేను ఒక చార్టును. మానవ జీర్ణవ్యవస్థ చార్టును. ముప్ఫై అంగుళాల వెడల్పు, నలభై అంగుళాల పొడవు, పైనా కిందా రెండు చెక్క బద్దలు, మేకుకు తగిలించడానికి ఒక పురికొస. ముందుగా కొలతలు చెప్పడం ఎందుకంటే, తొమ్మిదేళ్లలో నన్ను చూసిన పెద్దలు చూసింది అంతవరకే. సైజు సరిపోయిందా, రంగులు కొట్టొచ్చినట్టు ఉన్నాయా, వెనక బెంచీకి అక్షరాలు కనిపిస్తున్నాయా అని చూసి మార్కులు వేసేవారు. గీసిన బొమ్మ నిజమా అబద్ధమా అని అడిగే గడి వాళ్ల మార్కుల కాగితంలో లేదు.

నేను అబద్ధాన్ని. ఆ సంగతి మొదట్లోనే ఒప్పేసుకుంటున్నాను. మనిషికి కాలేయం, అదే కార్జం, కుడివైపున ఉంటుంది. జీర్ణాశయం ఎడమవైపుకు ఉంటుంది. నాలో ఉన్న మనిషికి రెండూ తారుమారు. ఇందులో నా తప్పు లేదు, కానీ తప్పు నాలో ఉంది. అది తెలిసీ నోరు విప్పలేక తొమ్మిదేళ్లు బతికాను.

నేను పుట్టింది ఒక బి.ఇడి. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న సైన్‌బోర్డుల కొట్టులో. ఫ్లెక్సీలు ఇంకా రాని కాలం. పంతుళ్లు కాబోయేవాళ్లు తమ బోధనోపకరణాలు తామే తయారు చేసుకోవాలని నియమం. తయారు చేసేవాడు మాత్రం ఆర్టిస్టు కుమారస్వామి. ఆయన పురుగుమందుల గోడ ప్రకటనలు రాసేవాడు, సినిమా బ్యానర్లు వేసేవాడు, పరీక్షల రోజుల్లో గుండెలు, ఊపిరితిత్తులు, పుష్పంలోని భాగాలు గీసేవాడు. నా మనిషికి కోరమీసం, ఉంగరాల జుట్టు పెట్టింది అలవాటు కొద్దీనే. పేగులు బయటపెట్టుకుని కూడా అంత ధీమాగా నవ్వే మనిషిని మీరెక్కడా చూసి ఉండరు.

ఆయనకు నమూనాగా ఇచ్చిన పాత చార్టు మీద ఎవరో మిరపకాయ బజ్జీలు పెట్టుకు తిన్నారు. ముందువైపు రంగులన్నీ అలుక్కుపోయాయి. కానీ నూనె పీల్చుకున్న కాగితం వెనకనుంచి చూస్తే గీతలు నిక్కచ్చిగా కనబడుతున్నాయి. కుమారస్వామి దాన్ని అద్దం బల్ల మీద బోర్లా వేసి, కింద బల్బు వెలిగించి, పైన నన్ను పరచి చకచకా గీసేశాడు. పేర్లు వేరే కాగితం చూసి రాశాడు కాబట్టి అక్షరాలు సరిగ్గానే వచ్చాయి. అవయవాలే పక్కలు మారాయి. పని పూర్తయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, "అబ్బ, ఎంత సక్కగొచ్చింది!" అన్నాడు. నా జీవితంలో విన్న మొదటి మాట అది. పాపం, నేనూ నమ్మాను.

నన్ను గీయించుకున్న పంతులు తన పరీక్షయ్యాక నన్ను కాలేజీకి అప్పగించాడు, నిజం నాకు అక్కడి స్టోరు గదిలో తెలిసింది. బీరువాలో నా పక్కనే ప్లాస్టరుతో చేసిన మొండెం ఉండేది. దాని అవయవాలు ఊడదీసి చూపించవచ్చు. ఊడదీసినప్పుడల్లా ఒకటి తక్కువగా తిరిగొచ్చేది కాబట్టి అప్పటికే దానికి ఒక కిడ్నీ, సగం పేగులు, కాలేయం మొత్తం లేవు. అయినా కాలేయం ఉండవలసిన గుంట మాత్రం స్పష్టంగా ఉంది. ఆ గుంట కుడివైపున ఉంది. నా మనిషికి అది ఎడమవైపున ఉంది. నన్ను చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి, బీరువా తలుపు వేశాడు అటెండరు లింగయ్య. చీకట్లో ఊపిరాడక కాదు, ఈ సంగతి చెప్పుకోవడానికి మనిషి లేక ఉక్కిరిబిక్కిరయ్యాను.

మరి పంతుళ్లెవరూ కనిపెట్టలేదా అంటారు. నా ఎదురుగా నిలబడి తమ కుడి డొక్క తాకి చూసుకునేవాళ్లకి కాలేయం సరిగ్గా దానికెదురుగా కనబడేది. సరిపోయిందనుకునేవారు. మనకెదురుగా నిలబడ్డ మనిషి కుడిచెయ్యి మన ఎడమచేతికెదురుగా ఉంటుందని గుర్తు రావాలంటే ఒక్క నిమిషం ఆగి చూడాలి. ఆ నిమిషం ఎవరి దగ్గరా లేదు. బోధనోపకరణాల ఆవశ్యకత గురించి కాలేజీలో ఒక సారు ఏ ఉపకరణమూ చేతబట్టకుండా రెండు గంటలు నోట్సు చెప్పేవాడు. బీరువాలోంచి మేమంతా వినేవాళ్లం. అంత గొప్పవాళ్లమని మాకే తెలియదు.

ఏడాదికి ఒక్కసారి నాకు విడుదల. ఫైనల్ లెసన్ రోజున శిక్షణలో ఉన్న ఒక పంతులో పంతులమ్మో నన్ను పక్క వీధిలోని హైస్కూలుకు తీసుకెళ్లి, ఏడో తరగతి గోడకు తగిలించి, పరీక్షాధికారి ముందు పాఠం చెప్పేవారు. 'తయారుచేసినవారు' అని కింద ఒక చీటీ ఉండేది. దాని మీద ప్రతి ఏడూ కొత్త పేరు అంటించేవారు. తొమ్మిదో ఏడు వచ్చేసరికి ఆ మూల అట్టలాగా దళసరెక్కింది. ఉపకరణానికి అయిదుకి అయిదు మార్కులు. మళ్లీ చుట్టడం, మళ్లీ ట్యూబు ముక్క, మళ్లీ బీరువా.

తొమ్మిదో ఏడు నన్ను తీసుకెళ్లింది యాదలక్ష్మి. ఆమెకది రెండోసారి రాస్తున్న పరీక్ష. అంతకుముందు ఏడు చార్టు లేకుండా వెళ్లి, నల్లబల్ల మీద బొమ్మ గీసి పాఠం చెప్పిందట. పిల్లలకు అర్థమైంది. పరీక్షాధికారి మాత్రం 'ఉపకరణం లేదు' అని రాసి తప్పించాడు. ఆమె ఒక ప్రైవేటు బడిలో పనిచేస్తోంది. జూన్ లోపల బి.ఇడి. పాసైతే ఉంచుకుంటామనీ లేకపోతే వేరే మనిషిని చూసుకుంటామనీ యాజమాన్యం చెప్పేసింది. అందుకని ఈసారి ఆమె అందరికంటే ముందే స్టోరు గదికి వచ్చింది.

లింగయ్య ముందుగా ప్లాస్టరు మొండేన్ని చూపించాడు. "దీంట్ల కార్జమే లేదు తాతా" అందామె. అప్పుడు నన్ను విప్పాడు. రంగులు చూసి ఆమె మొహం వెలిగింది.

"ఇది మంచిగుంది. ఇదే తీస్కపోత."

"తీస్కపో బిడ్డా. కానీ ఎట్ల తీస్కపోయినవో అట్లనే తేవాలె. జరంత చినిగినా నో డ్యూస్ కాయితం మీద సంతకం వెట్ట. ఆ సంతకం లేకుంటె నీకు సర్టిఫికెట్ రాదు, యాదికుంచుకో."

ఆమె తలూపి, నన్ను రెండు చేతులా పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లింది. అంత జాగ్రత్తగా నన్నెవరూ పట్టుకోలేదు. నాకు భయమేసింది.

ఫైనల్ లెసన్‌కు ముందు రిహార్సల్ చేయించడం అక్కడి ఆనవాయితీ. అదే పాఠం, అవే ప్రశ్నలు, అదే తరగతికి రెండు రోజుల ముందే చెప్పేస్తారు. జవాబులు చెప్పడానికి అయిదుగురు పిల్లలను ఎంచుకుంటారు. ఒక పిల్లవాడికి కావాలనే తప్పు జవాబు అప్పగిస్తారు. టీచరు ఓపికగా దిద్దిందని మార్కులు పడటానికి. చివర్లో టీచరు "సందేహాలున్నాయా?" అంటే తరగతి అంతా ఒక్క గొంతుతో "లేవు టీచర్" అనాలి. ఏళ్ల తరబడి చూశాను, ఆ పిల్లలకు జీర్ణవ్యవస్థ వచ్చినా రాకపోయినా "లేవు టీచర్" మాత్రం పొల్లు పోకుండా వచ్చేది.

ఆ తరగతిలో రుక్మిణి అని ఒక పిల్ల ఉంది. సంత దగ్గర మటన్ కొట్టు పెట్టుకున్న కటిక రాములు కూతురు. ఆదివారాలు తండ్రి పక్కన కూర్చుని కార్జం, తిల్లి, బోటి వేరువేరుగా పెట్టడం ఆమె పని. ఎంచుకున్న అయిదుగురిలో ఆమె లేదు. రిహార్సల్ రోజంతా నన్నే చూస్తూ కూర్చుంది. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. తొమ్మిదేళ్లలో నన్ను చదివిన మొదటి మనిషి ఆ పిల్లే. చూస్తూ చూస్తూ తన డొక్క మీద చెయ్యి వేసుకుంది. నాకు గుండెంటూ ఉంటే అప్పుడే ఆగిపోయేది. కనిపెడితే బాగుండును అనిపించింది. కనిపెట్టకపోతే బాగుండును అనీ అనిపించింది. తప్పు బయటపడితే నేను చిత్తుకాగితాన్ని, పడకపోతే బీరువా ఖైదీని.

ఫైనల్ రోజున పరీక్షాధికారి నరహరి సారు వెనక బెంచీలో కూర్చున్నారు. పెద్దమనిషి, మంచివారే, మధ్యాహ్నం భోజనం చేసి నేరుగా వచ్చారు. నన్ను ఆయన అంతకుముందు నాలుగుసార్లు చూసి నాలుగుసార్లూ అయిదు మార్కులు వేసినవారే. యాదలక్ష్మి నన్ను సరైన సమయంలో విప్పింది, వెదురు పుల్లతో చూపించింది, నాకు అడ్డం నిలబడలేదు. అయిదుగురూ జవాబులు చెప్పారు. తప్పు చెప్పవలసినవాడు తప్పు చెప్పాడు. ఆమె చిరునవ్వుతో దిద్దింది. అంతా అనుకున్నట్టే జరిగింది.

"పిల్లలూ, మీకేమైనా సందేహాలున్నాయా?"

"లేవు టీచర్" అంది తరగతి.

"ఉంది టీచర్" అంది ఒక గొంతు.

రుక్మిణి లేచి నిలబడింది. "కార్జం ఆ దిక్కు గాదు టీచర్. బొమ్మల మనిషి మనదిక్కు సూస్తుండు గదా, ఆయన కుడిచెయ్యి గీ పక్కకుంటది. కార్జం గూడ గీ పక్కనే ఉండాలె. మేకకు గట్లనే ఉంటది. మా బాపు కోసేటప్పుడు నేను ప్రతి ఆదివారం సూస్త."

కునుకు తీస్తున్న నరహరి సారు కళ్లు తెరిచారు. యాదలక్ష్మి నా వైపు తిరిగింది. అప్పుడామె నన్ను చూసింది. సైజు, రంగు కాదు, నన్నే. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే డొక్క మీదికి వెళ్లడం, కళ్లు పెద్దవి కావడం నేను దగ్గరనుంచి చూశాను. తెలుసుకుంది. ఒప్పుకోమని నాలోని ప్రతి గీతా మొత్తుకుంది. కానీ కాగితం మొత్తుకుంటే ఎవరికి వినబడుతుంది?

ఆమె వెనక బెంచీ వైపు చూసింది. సారు చేతిలో పెన్ను ఉంది. ఎదురుగా జూన్ నెల ఉంది.

"కూర్చో రుక్మిణీ" అంది. గొంతు పుస్తకంలోని గొంతులా మారిపోయింది. "చార్టులో ఉన్నదే సరైనది. మేక వేరు, మనిషి వేరు."

తరగతి గొల్లున నవ్వింది. ఎవరో "మటన్ కొట్టు సైన్సు" అన్నారు. రుక్మిణి ఇంకా రెండు క్షణాలు నిలబడి, నన్నొకసారి చూసి కూర్చుంది. నరహరి సారు తృప్తిగా తలూపి ఏదో రాసుకున్నారు. సందేహ నివృత్తి చక్కగా చేసిందని రాశారట. ఆ సందేహం కూడా రిహార్సల్‌లోదే అనుకున్నారు. ఉపకరణానికి మళ్లీ అయిదుకి అయిదు.

ఫైనల్ లెసన్‌లో యాదలక్ష్మి పాసైందని సాయంత్రానికే తెలిసింది. తోటివాళ్లు మిఠాయి పెట్టమన్నారు. ఆమె నవ్వింది గానీ ఆ రాత్రి నన్ను చుట్టకుండా గది గోడకే తగిలించి ఉంచింది. అన్నం ముందు పెట్టుకుని నన్ను చూస్తూ కూర్చుంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, ఆ వెంటనే జాలీ వచ్చింది. ఒక అబద్ధంలో ఇరుక్కున్నవాళ్ల మొహం ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు.

పాఠాలయ్యాక పిల్లలకు చిన్న పరీక్ష పెట్టి, మార్కుల పట్టిక వేసి రికార్డులో అతికించడం కూడా శిక్షణలో భాగమే. రెండు రోజుల తర్వాత ఆమె పరీక్ష పెట్టింది. జీర్ణవ్యవస్థ పటం గీసి భాగాలు గుర్తించండి. నలభై రెండు కాగితాలు తెచ్చుకుని నా కింద కూర్చుని దిద్దింది. పిల్లలు ఎంత బుద్ధిమంతులో అప్పుడు తెలిసింది. నన్ను గుర్తుంచుకుని ఉన్నదున్నట్టు దింపారు. కోరమీసంతో సహా గీసినవాళ్లున్నారు. నలభై ఒక్క కాగితాల్లో కాలేయం తప్పు పక్కనే ఉంది.

రుక్మిణి కాగితం అన్నిటికంటే అడుగున ఉంది. యాదలక్ష్మి దాన్ని పైకి తీస్తూ ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను. ఈ ఒక్క పిల్లయినా తనకు తెలిసింది గీసి ఉంటుందని ఇద్దరికీ ఆశ.

గీసింది. ముందు సరైన పక్కనే గీసింది. తర్వాత రబ్బరుతో తుడిచేసింది. గట్టిగా తుడిచిందేమో, అక్కడ కాగితం నూలుపోగులా లేచి, ఒకచోట చిరిగింది కూడా. తర్వాత నాలో ఉన్నట్టే తప్పు పక్కన కాలేయం గీసి, అందమైన అక్షరాలతో పేరు రాసింది. నలభై రెండుకి నలభై రెండూ నాలాగే తయారయ్యాయి.

యాదలక్ష్మి ఆ చిరుగును వేలితో తడిమింది. తర్వాత మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. మార్కు వేయలేదు.

మర్నాడు ఆ హైస్కూలులో ఆమెకు ఆఖరి రోజు. పరీక్షాధికారి లేడు, వెనక బెంచీ ఖాళీ. ఆమె నన్ను గోడకు తగిలించి, వెదురు పుల్ల పక్కన పెట్టేసింది.

"మొన్న రుక్మిణి చెప్పిందే కరెక్టు. నాకు అప్పుడే సమజైంది. సారు ముందల మార్కులు పోతయని భయపడి అబద్ధం చెప్పిన. తప్పు నాది" అంది. రుక్మిణి వైపు తిరిగింది. "రుక్మిణీ, ఇటు రా. చార్టు పక్కన నిలవడు. మొహం పిల్లల దిక్కు పెట్టు. ఇప్పుడు నీ కార్జం యాడుంటదో చెయ్యి వెట్టి చూపియ్యి."

రుక్మిణి నా పక్కన నిలబడి కుడి డొక్క మీద చెయ్యి వేసింది. నా కాలేయం అటుపక్క, ఆమె చెయ్యి ఇటుపక్క. పిల్లలంతా ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూశారు. ఒక్కొక్కరే "అవ్ టీచర్", "అవ్ గదా" అన్నారు. కుమారస్వామి రంగులకు రాని పని ఒక్క చేత్తో అయిపోయింది. నాకు సిగ్గూ వేసింది, హాయిగానూ ఉంది.

అక్కడితో అయిపోవలసింది. కానీ రుక్మిణి తన చోటుకు వెళ్లలేదు.

"టీచర్, మా అన్న ఏడో తరగతి సదివినప్పుడు గూడ ఇదే బొమ్మ తెచ్చిండ్రంట. వచ్చే సంవత్సరం గూడ ఇదే తెస్తరు గదా?"

"తెస్తరేమో."

"మరి అప్పుడు మీరుండరు గదా టీచర్?"

యాదలక్ష్మి నన్ను చూసింది. లింగయ్య మాట ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలుసు, ఎందుకంటే చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకుంది. తొమ్మిదేళ్లుగా నోరు లేని నేను ఆ క్షణంలో ఒకటే కోరుకున్నాను. నా జాతివాళ్లంతా చెత్తబుట్ట పేరు చెబితే వణుకుతారు. నేను దానికోసం మొక్కుకున్నాను. అమ్మా, నన్ను మళ్లీ చుట్టకు.

ఆమె నన్ను మేకు నుంచి దించి, బద్దలు ఊడదీసి, పై నుంచి కిందిదాకా నిలువునా చింపేసింది. ఆ చప్పుడుకు పక్క తరగతి పిల్లలు కిటికీలోంచి తొంగిచూశారు. అది నా గొంతే. నేను మాట్లాడింది ఆ ఒక్కసారే.

సాయంత్రం రెండు ముక్కలూ తీసుకుని స్టోరు గదికి వచ్చింది. లింగయ్య నోరు తెరిచాడు.

"ఏందే బిడ్డా ఇది!"

"నేనే చింపిన తాతా. తప్పు బొమ్మ ఇది. కొత్తది గీసిస్త, ఈడనే కూసుంట. అప్పుడే సంతకం వెట్టు."

"ఎన్ని మార్కులు దెచ్చిన చార్టే ఇది! గింత పాగల్ పని ఎవ్వలన్న చేస్తరా?" అని లింగయ్య చాలాసేపు తిట్టాడు. ఆమె తిట్టించుకుంది. తర్వాత తెల్ల కాగితం తెచ్చి, గచ్చు ఎగుడుదిగుడుగా ఉందని నా రెండు ముక్కలను కింద వెల్లకిలా పరచి, వాటి మీద కొత్త కాగితం వేసుకుని పెన్సిల్ పట్టుకుంది. గీతలు వంకరగా వస్తున్నాయి. మీసం లేదు, ధీమా లేదు. దానికి అయిదులో మూడు మార్కులు కూడా రావని నేను చెప్పగలను.

"తాతా, జర నా ముందల నిలవడు. మనిషిని చూసి గీస్త."

గొణుక్కుంటూనే లింగయ్య వచ్చి నిలబడ్డాడు. తొమ్మిదేళ్లు నన్ను చుట్టి, కట్టి, బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషి. ఆమె చూపించినచోట చొక్కా మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత వేళ్లతో పక్కటెముకల కింద మెల్లగా నొక్కి చూసుకున్నాడు.

"కార్జం నాకు గూడ గీ దిక్కే ఉంటదా బిడ్డా?"

"అందరికీ ఆ దిక్కే తాతా."

"గిన్నేండ్ల సంది నాకు తెల్వనే తెల్వదు" అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆమె ఆ చెయ్యి చూసి గీయడం మొదలుపెట్టింది. పెన్సిల్ గట్టిగా నొక్కుతోంది. ఆ ఒత్తిడి కాగితం దాటి నా మీద పడింది. రేపు చిత్తుకాగితాలవాడు వచ్చి నన్ను తీసుకుపోతాడు. పోతే పోనీ. నా మీద కార్జం సరైన పక్కన పడింది.